టెక్సాస్ ఒళ్లు, మిన్నెసోటా కాళ్లు

షెడ్డు పెద్ద తలుపు లేపితే పొయ్యి కూడబెట్టిన వేడంతా ఒక్క ఊపులో బయటికి పోతుంది. అందుకే ఎవరొచ్చినా పక్క తలుపులోంచే రావాలి, వచ్చీరాగానే బూట్ల మంచు దులిపి తలుపు మూసెయ్యాలి. రండి లోపలికి. డులూత్ ఊరు దాటాక, సుపీరియర్ సరస్సుకి ఎగువన, స్ప్రూస్ చెట్ల మధ్య ఉందీ షెడ్డు. మూల కట్టెల పొయ్యి. గేరాయిలు, కిరసనాయిలు, ఆరబెట్టిన ఉన్ని చేతితొడుగులు అన్నీ కలిసిన వాసన. బల్బుల కింద రెండు పాత షెవర్లే పికప్పులు పక్కపక్కనే నిలబడి ఉన్నాయి.

ఎడమ పక్కది మా బావది. 1978 సి-10. టెక్సాస్‌లో ఉద్యోగం చేసేటప్పుడు ముచ్చటపడి కొన్నాడు. ఎండకి పైరంగు వెలిసిపోయిందే గానీ రేకు మీద ఎక్కడ గోరు పెట్టినా గట్టిగానే ఉంటుంది. కుడి పక్కది కె-10. అదే ఏడాది, అదే కంపెనీ, అదే గ్రిల్లు, అవే తలుపులు. షెవర్లే లెక్కలో సి అంటే ఇంజను బలం వెనక చక్రాలకే అందే బండి, కె అంటే నాలుగింటికీ అందే బండి. ఈ కె-10 పుట్టి పెరిగిందంతా మిన్నెసోటాలో. ఇక్కడ చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన నీళ్లు సున్నా డిగ్రీల కింద కూడా గడ్డకట్టవు. ఆ నీళ్లే రేకు మడతల్లోకి దూరి, ఆరకుండా కూర్చుని, ఇనుమును తినేస్తాయి. తలుపు తీసి చూడండి, డ్రైవరు కాళ్లు పెట్టే చోట షెడ్డు నేల కనిపిస్తుంది. ఇంజను ఏనాడో పోయింది. ఎవరి పెరట్లోనో చెట్టు కింద పడి ఉంటే బావ కొనుక్కొచ్చాడు.

ఆ తుప్పు బండి కోసం ఈయన ఇంత తాపత్రయపడటానికి కారణం డులూత్ వీధులు. కొండవాలు మీద కట్టిన ఊరిది. ఏ వీధి చూసినా సరస్సు వైపు దిగుతూనే ఉంటుంది. తొట్టి ఖాళీగా ఉన్న పికప్‌లో బరువంతా ముందు, ఇంజను దగ్గర ఉంటుంది. తోసేది మాత్రం వెనక చక్రాలు. బరువు లేని చక్రానికి పట్టుండదు. టెక్సాస్‌లో రాజాలా తిరిగిన బండి ఇక్కడ మొదటి మంచుకే ఇంటి ముందు ఎత్తు ఎక్కలేక పక్కింటి చెత్తడబ్బా మీదకి అడ్డంగా జారింది. అమ్మెయ్యమంది అక్క. నాలుగు చక్రాలూ తిరిగేలా చేయిస్తానన్నాడు బావ.

"ఏరా, ముందు యాక్సిల్ ఒకటి తెచ్చి బిగిస్తే అయిపోతుందిగా అనుకుంటున్నావు కదూ?" అన్నాడు నన్ను చూసి.

"అదే కదా బావా పని?"

"అయితే కింద పడుకో, చూపిస్తాను."

చక్రాల పలక మీద వెల్లకిలా పడుకుని సి-10 కిందకి జరిగాం. టార్చి వెలుగులో ముందు భాగమంతా కనిపిస్తోంది. చాసీకి అడ్డంగా బోల్టులతో బిగించిన లావుపాటి అడ్డదూలం, దాని రెండు కొసలా పైనొకటి, కిందొకటి చేతులు, ఆ చేతుల మధ్య చుట్టల స్ప్రింగు. రెండు ముందు చక్రాలూ దేనికది విడిగా ఊగుతాయి. వాటిని కలుపుతూ పోయే యాక్సిల్ లేదు, అది పట్టే చోటూ లేదు.

"ఇదంతా ఊడదియ్యాలి," అని బావ టార్చితో గీత గీసి చూపించాడు. "యాక్సిల్ పెడితే దాన్ని మొయ్యడానికి కమాన్‌కట్టలు కావాలి. కమాన్‌కట్టలకి హ్యాంగర్లు వెల్డింగ్ చెయ్యాలి. అప్పుడు స్టీరింగు రాడ్లు అడ్డం. వాటిని మారిస్తే స్టీరింగు బాక్సు పనికిరాదు. ఇటు చూడు, గేరుబాక్సు తోకలోంచి షాఫ్టు తిన్నగా వెనక్కి పోతోంది. మధ్యలో ట్రాన్స్‌ఫర్ బాక్సు పెట్టాలంటే ఆ షాఫ్టు పొట్టి చెయ్యాలి, పైన క్యాబిన్ నేల కొయ్యాలి. ముందు చక్రానికి ఆరు బోల్టులు, వెనక దానికి ఐదు. స్టెప్నీ ఏది పెట్టుకుంటావు?"

మా బావ వాళ్ల నాన్నగారు విజయవాడ ఆటోనగర్‌లో లారీ షెడ్డు నడిపారు. ఈయన చదువు కంప్యూటర్లలో సాగినా మాట మాత్రం ఆ షెడ్డులోనే ఆగిపోయింది. ఇప్పటికీ డిఫరెన్షియల్ డబ్బాని హౌసింగ్ అంటాడు, యూనివర్సల్ జాయింటుని క్రాస్ అంటాడు.

ఈ డులూత్ షెడ్డు పెద్దాయన మంచు తోసే లారీలు బాగుచేసే పనిలో ఉండి రిటైరయ్యాడు. తక్కువ మాట్లాడతాడు. మేం పలక మీంచి లేచాక చేతిలో సుద్దముక్కతో కె-10 దగ్గరికి తీసుకెళ్లాడు. చాసీ మీద ఒక చోట నుంచి ఇంకో చోటికి వేలు జరుపుతూ చెప్పింది మా భాషలో ఇది: మీరు తెచ్చుకున్నది సామాన్లనుకోకండి. సామాన్లు ఏ స్క్రాప్ యార్డులోనైనా దొరుకుతాయి. కమాన్ హ్యాంగరు నుంచి యాక్సిల్ దాకా ఎంత దూరం, ట్రాన్స్‌ఫర్ బాక్సు నుంచి ముందు హౌసింగ్‌కి షాఫ్టు ఏ వాలులో దిగాలి, స్టీరింగు రాడ్డు ఏ కోణంలో పోతే గతుకులో చక్రం దానంతటది తిరగదు, ఇవన్నీ కంపెనీ ఇంజనీర్లు కొలిచి పెట్టారు. ఆ కొలతలన్నీ ఈ చాసీలో అలాగే ఉన్నాయి. మీరు డబ్బిచ్చింది వాటికి.

కాబట్టి బావ సి-10 చాసీని మార్చే పనే పెట్టుకోడు. టెక్సాస్ క్యాబిన్‌ని, తొట్టిని, ఇంజన్ని లేపి మిన్నెసోటా చాసీ మీద దింపుతాడు.

ఈ ప్రాంతానికి ఇలాంటి పని కొత్తేమీ కాదు. ఇండియానాపొలిస్‌లో వాల్టర్ మార్మన్, ఆర్థర్ హెరింగ్టన్ 1931లో పెట్టిన కంపెనీ 1935 నుంచీ ఫోర్డు ట్రక్కులకి ముందు యాక్సిళ్లు బిగించి అమ్మింది. 1950ల్లో ఇక్కడికి దక్షిణాన ఉన్న మినియాపొలిస్‌లోనే నాప్కో అనే కంపెనీ పవర్-ప్యాక్ పేరుతో ఒక కిట్టు చేసింది. ముందు యాక్సిల్, ట్రాన్స్‌ఫర్ బాక్సు, షాఫ్టులు, లివర్లు అన్నీ అందులోనే వచ్చేవి. 1957 నుంచి షెవర్లే తన ఫ్యాక్టరీలోనే ఆ కిట్టు బిగించి అమ్మింది. అప్పటి పికప్పులకి ముందు కూడా కమాన్‌కట్టలూ అడ్డ యాక్సిలూ ఉండేవి గనుక ఒక యాక్సిల్ తీసి ఇంకోటి పెట్టడం కుదిరేది. 1960లో షెవర్లే తన సొంత ఫోర్‌వీల్ పికప్ తెచ్చింది. ఆ ఏడాది నుంచే టూవీల్ పికప్పుల ముందు భాగం విడివిడి చక్రాల పద్ధతికి మారింది. అక్కడితో కిట్టు కాలం చెల్లింది.

ముందు పరీక్ష చాసీకే. పెద్దాయన తీగల బ్రష్షుతో పెచ్చులు గీకి, చిన్న సుత్తి తీసుకుని ముందు నుంచి వెనక దాకా అడుగడుక్కీ తట్టుకుంటూ పోయాడు. టంగ్. టంగ్. టంగ్. వెనక కమాన్ హ్యాంగరు పైన మాత్రం శబ్దం మొద్దుబారింది. అక్కడ సుద్దతో సున్నా చుట్టాడు. క్యాబిన్ రేకు బాగా పలచన, చాసీ పట్టీ దానికి ఎన్నో రెట్లు మందం. అందుకే అదే ఉప్పు, అన్నే ఏళ్లు రేకుని జల్లెడ చేసినా చాసీని పైపైన మాత్రమే కొరికింది. సున్నా చుట్టిన చోట రెండు పట్టీలు ఒకదాని మీద ఒకటి ఉన్నాయి. మధ్యలో తుప్పు ఉబ్బి పై పట్టీని లేపేసింది. ఆ పట్టీ కోసి కొత్తది వెయ్యాలి. మిగతాదంతా పనికొస్తుంది.

స్టీరింగు బాక్సు దగ్గరికొచ్చేసరికి సుత్తి పక్కన పెట్టి మోకాళ్ల మీద కూర్చున్నాడు. ఆ కాలపు షెవర్లే ఫోర్‌వీల్ బండ్లకి అక్కడో పేరుమోసిన జబ్బుంది. సి-10లో స్టీరింగు బాక్సు చెయ్యి అడ్డంగా ఊగి రాడ్లని పక్కకి నెడుతుంది. కె-10లో అదే చెయ్యి ముందుకీ వెనక్కీ ఊగి, పొడుగాటి డ్రాగ్ లింకుతో ఎడమ చక్రాన్ని తోస్తుంది. పెద్ద టైర్లు వేసుకుని ఆగున్న బండిలో స్టీరింగు బలంగా తిప్పిన ప్రతిసారీ ఆ తోపుడంతా చాసీ పక్కపట్టీ మీదే పడుతుంది. పట్టీ కొద్దికొద్దిగా వంగుతూ, లేస్తూ, చివరికి బోల్టు బెజ్జం దగ్గర చిట్లుతుంది.

పెద్దాయన కిరసనాయిల్లో ముంచిన గుడ్డతో ఆ చోటంతా తుడిచి, పొడిగుడ్డతో మళ్లీ తుడిచి, టార్చి ఏటవాలుగా పట్టాడు. మీరూ వంగి చూడండి. పట్టీ పొడిగా మెరుస్తోంది గానీ, బోల్టు బెజ్జం నుంచి కిందకి వెంట్రుకంత సన్నగా ఒక తడి గీత. పగుల్లోకి దూరిన కిరసనాయిలు మళ్లీ బయటికి ఊరుతోంది. వేలెడు పొడవుంది.

"చూశావా? మా నాన్న కూడా లారీ చాసీకి ఇలాగే చేసేవాడు," అన్నాడు బావ. ఆ గొంతులో తండ్రి పనితనం పరదేశంలో కనిపించిన సంబరం ఉంది.

ముందు పగులు కొసన చిన్న బెజ్జం వేశాడు పెద్దాయన. సన్నటి కొస దగ్గర ఒత్తిడంతా పోగుపడి పగులు ముందుకు పాకుతుంది. గుండ్రటి బెజ్జం తగిలితే ఆ ఒత్తిడి చెల్లాచెదురై పాకడం ఆగుతుంది. తర్వాత గ్రైండరుతో పగులు వెంట గాడి తీశాడు. కళ్లద్దాలు దించుకోమని చెయ్యెత్తి, వెల్డింగ్ మొదలుపెట్టాడు. ఒకేసారి పూర్తిగా కాదు. అంగుళం వేసి ఆగుతాడు, చల్లారనిస్తాడు, మళ్లీ అంగుళం. పైన మందపాటి ఇనప పలక, అక్కడి నుంచి ముందు అడ్డదూలానికి ఒక ఊతం. బాక్సు తోపుడు ఇక పలచటి పట్టీ ఒక్కదాని మీదే పడదు.

అది చల్లారేలోగా ఫ్లాస్కులో అక్క పంపిన టీ. కాగితాల సంగతి అప్పుడే వచ్చింది. క్యాబిన్ మీద ఒక నంబరు పలక ఉంటుంది, చాసీ మీద ఇంకో ముద్ర ఉంటుంది. బండి పాతదే కదా అని ఒకదాని పలక ఊడదీసి రెండోదానికి బిగించడం ఇక్కడ ఫెడరల్ నేరం. అందుకే బావ రెండు బండ్ల టైటిల్ కాగితాలూ, కొన్న రసీదులూ, ఊడదీసిన ప్రతి దశ ఫొటోలూ ఒక ఫైల్లో పెట్టాడు. ఇలా రెండు బండ్లు కలిపి కట్టినవాటికి మిన్నెసోటాలో 'రీకన్‌స్ట్రక్టెడ్' అనే వర్గం ఉంది. టైటిల్ మీద ఆ మాట పడుతుంది.

"మన దగ్గరైతే అసలు కుదరదు కదా బావా?"

"మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను. కంపెనీ ఇచ్చిన వివరాలకి తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరి 9న సుప్రీంకోర్టు కేరళ కేసులో అదే గట్టిగా చెప్పింది. ఆటోనగర్‌లో మా నాన్న చేసిన పనులు ఇప్పుడు చేస్తే ఆర్సీ పోతుంది," అని నవ్వి కప్పు కింద పెట్టాడు.

ఇక హౌసింగుల లెక్క. కె-10 వెనక, ముందు రెండూ స్టాండ్ల మీదకి లేపి ఉన్నాయి. పెద్దాయన షాఫ్టు మీద సుద్దతో గీత గీశాడు. ఒక వెనక చక్రం నేను, ఒకటి బావ పట్టుకుని ఇద్దరం కలిసి ఒకే దిక్కుకి ఒక్క చుట్టు తిప్పాం. గీత మూడు చుట్లు దాటి ముప్పావుకి కాస్త ఇవతల ఆగింది. ముందు చక్రాలు తిప్పినా అంతే. మూత తీసి చూస్తే క్రౌన్ చక్రం అంచున చెక్కిన అంకెలు అదే చెప్పాయి: 41, 11. పెద్ద చక్రానికి 41 పళ్లు, పినియన్‌కి 11. భాగిస్తే 3.73.

ముందు, వెనక నిష్పత్తులు రెండూ కలవాల్సిందే. బావ సి-10 వెనక హౌసింగ్ 3.08. దాన్నే ఉంచి ముందు 3.73 పెట్టారనుకోండి. ట్రాన్స్‌ఫర్ బాక్సు రెండు షాఫ్టుల్నీ ఒకే వేగంతో తిప్పుతుంది. వెనక చక్రం ఐదు చుట్లు తిరిగేలోగా ముందు చక్రం నాలుగు చుట్ల దగ్గరే ఉంటుంది. నేల ఒకటే, బండి ఒకటే. ఆ తేడా ఎక్కడో ఒకచోట తీరాలి. ముందు టైర్లు అరుగుతాయి, లేకపోతే క్రాస్ విరుగుతుంది.

ట్రాన్స్‌ఫర్ బాక్సు బల్ల మీద ఉంది. న్యూ ప్రాసెస్ 205. పోత ఇనుము పెట్టె, లోపల గొలుసు లేదు, అన్నీ పళ్ల చక్రాలే. 60 కేజీలకు పైమాటే, కిందకి దించడానికి ముగ్గురం పట్టాం. ఆయిలు వంపేసి, అందులో అయస్కాంతం తిప్పాడు పెద్దాయన. కొసకి బూడిద రంగు ముద్ద అంటుకుంది. వేళ్ల మధ్య నలిపి చూశాడు. మెత్తగా, గ్రీజుగా ఉంది. అది మామూలు అరుగుదల. గరుకుగా ముక్కలు తగిలి ఉంటే పన్ను విరిగినట్టు. ముందు షాఫ్టు బయటికొచ్చే మూత విప్పి, లోపలికి వేలు పెట్టి ఒక్కో పన్ను తడిమి చూసి, కొత్త ఆయిల్ సీలు కొట్టి మూసేశాడు.

ఇది లోపల ఏం చేస్తుందని నేనడిగితే బావ విజయవాడ తీసుకెళ్లాడు. "బ్యారేజీ దగ్గర కాలవ లాకులు చూశావుగా. వచ్చే నీళ్లు ఒకటే. ఒక గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది, అది వెనక షాఫ్టు. లివరు లాగితే రెండో గేటు లేస్తుంది, ముందు కాలవకీ పారుతుంది."

ఆ లివర్లోనే ఇంకో స్థానం ఉంది, లో. అందులో పడితే బాక్సు లోపలే వేగం 1.96 రెట్లు తగ్గి, బలం అంత పెరుగుతుంది. దాత బండి అయిన కె-10ది నాలుగు గేర్ల మాన్యువల్ బాక్సు, ఫస్టు గేరు 6.55. మూడింటినీ గుణించండి. 6.55ని 1.96తో, దాన్ని 3.73తో. దాదాపు 48. ఇంజను 48 చుట్లు తిరిగితే చక్రం ఒక్క చుట్టు. మనిషి నడకకన్నా నెమ్మదిగా, క్లచ్చు కాల్చకుండా బండి ఎత్తెక్కుతుంది.

బావ బండి ఆటోమేటిక్. దాని బాక్సు ఊడింది. 5.7 లీటర్ల వి-8 ఇంజన్ని చైన్ బ్లాకుతో లేపి, దాత బండి ఫ్లైవీలు, కొత్త క్లచ్చు బిగించారు. రెండిటిదీ ఒకే రకం ఇంజను కాబట్టి ఫ్లైవీలు సరిపోయింది. క్రాంకు కొసన గేరుబాక్సు ముక్కుని మోసే చిన్న ఇత్తడి బుష్ కొట్టారు. ఆటోమేటిక్ బండ్లకి అది ఉండదు, మర్చిపోతే గేరుబాక్సు మళ్లీ దించాల్సిందే. క్లచ్ పెడల్, దాని లింకులు, స్టీరింగు కిందకి దిగే షాఫ్టు అన్నీ తుప్పు బండి క్యాబిన్‌లోంచి వచ్చాయి.

క్యాబిన్లు దింపే పూట ఆ రెండు బండ్ల బతుకులకీ తేడా తెలిసింది. టెక్సాస్ క్యాబిన్ కింది బోల్టులు పానా తగిలించగానే కదిలాయి. మిన్నెసోటావి ఒక్కటీ రాలేదు. గ్యాస్ మంటతో కోశారు. నట్టు ఎర్రగా కాలి కింద పడటం, పక్కనే పెట్టిన ఇసక బకెట్లో బుస్సుమనడం, అంతే సేపు. వైర్లకి, పైపులకి పేర్లు రాసిన టేపు ముక్కలు అతికించి విప్పారు. క్యాబిన్ గాల్లోకి లేచాక ఖాళీ చాసీని కిందకి తోశారు. తలో మూలా నిలబడ్డాం. బోల్టు బెజ్జంలోకి కన్ను పెట్టి చూస్తున్నాడు పెద్దాయన.

"ముందుకి. ఇంకాస్త. ఆగు. కుడి మూల నాలుగు వేళ్లు దించు."

గొలుసు కిర్రుమంటూ దిగింది. కొత్త రబ్బరు బుష్‌ల మీద క్యాబిన్ కూర్చుంది. నాలుగు బెజ్జాల్లోకీ బోల్టులు చేత్తోనే దిగాయి. షెవర్లే రెండు రకాలకీ ఒకే క్యాబిన్ కట్టడం వల్ల వచ్చిన లాభం ఇది. ఒక్కచోటే పేచీ. ఆటోమేటిక్ బండి నేల మధ్య మిట్ట పొట్టిగా ఉంది, కింద కొత్త బాక్సు పొడుగ్గా ఉంది. ఆ మిట్ట కోసేసి, తుప్పు బండిలో గట్టిగా మిగిలిన నేల మూత తెచ్చి బోల్టులతో బిగించారు. ట్రాన్స్‌ఫర్ లివరు పైకి రావడానికి దారి కూడా అందులోనే ఉంది.

బ్రేకు పైపుల్లో మాత్రం పెద్దాయన దాత బండిది ఒక్క ముక్క వాడలేదు. బయటికి బాగానే కనిపించే పైపుని మెల్లగా వంచి చూపించాడు, అది మధ్యకి విరిగి పొడి రాల్చింది. కొత్త పైపులు వేశాక గాలి తీసే పని. బావ సీట్లో, నేను చక్రం దగ్గర.

"తొక్కు బావా."

"తొక్కా."

"పట్టుకో." నిపుల్ పావు చుట్టు విప్పితే ముందు చిటపటలాడుతూ నురగ, తర్వాత బుడగలు, తర్వాత తేటగా ఆయిలు. "వదలొద్దు... బిగించా. ఇప్పుడు వదులు." కుడి వెనక నుంచి మొదలుపెట్టి, డ్రైవరుకి దగ్గరగా ఉన్న చక్రంతో ముగించాం.

చివరగా ముందు చక్రాల హబ్బులు. మధ్యలో వేళ్లతో తిప్పే బిళ్ల ఉంది, ఒక పక్క ఫ్రీ, ఇంకో పక్క లాక్. యుద్ధం అయిపోయాక మిగులు జీపులు చవగ్గా వచ్చిన రోజుల్లో, 1948లో, ఆర్థర్ వార్న్ అనే ఆయన సియాటిల్ వైపు ఇలాంటి హబ్బులు చేసి పేరు తెచ్చుకున్నాడు. ఫ్రీలో ఉంటే చక్రం తన మానాన తాను తిరుగుతుంది. యాక్సిల్, హౌసింగ్, ముందు షాఫ్టు కదలవు, అరగవు, పెట్రోలు తాగవు. లాక్‌లో పెడితే చక్రం యాక్సిల్‌కి ముడిపడుతుంది.

ఇంజను స్టార్టయింది. పెద్ద తలుపు లేచింది, వేడంతా పోయింది, ఈసారి ఎవరూ పట్టించుకోలేదు. షెడ్డు ముందు మంచు ఊడ్చేసిన కాంక్రీటు నేల ఉంది. పెద్దాయన బావని అక్కడే ఆపి, హబ్బులు లాక్ చేయించి, ఫోర్ హై వేయించి, స్టీరింగు మొత్తం కుడికి తిప్పి పోనిమ్మన్నాడు. బండి పది అడుగులు పోయి మొండికేసింది. ముందు టైర్లు కిచకిచలాడుతూ గెంతుతున్నాయి, స్టీరింగు బావ చేతుల్లోంచి లాక్కుంటోంది, కిందెక్కడో ఇనుము మూలుగుతోంది.

"ఏమైందిరా? ఎక్కడో పట్టేసింది!"

ఏమీ కాలేదు. మలుపులో ముందు చక్రాలు పెద్ద చుట్టు తిరుగుతాయి, వెనకవి చిన్న చుట్టు. ఈ రకం ట్రాన్స్‌ఫర్ బాక్సులో ఆ తేడాని సర్దే డిఫరెన్షియల్ లేదు. మంచులోనో బురదలోనో అయితే టైరు కాస్త జారి తేడా తీర్చేస్తుంది. పొడి కాంక్రీటు మీద జారడానికి వీల్లేదు, బిగుసుకుపోతుంది. పెద్దాయన చెప్పి ఊరుకోకుండా చేతికి తెలిసేలా చేయించింది అందుకే. పొడి రోడ్డు మీద ఆ లివరు ముట్టుకోకు, అన్నాడు.

ఆపైన షెడ్డు వెనక ఎత్తు. చెట్ల మధ్య దారి, పిక్కల లోతు మంచు. ముందు టూ హైలో ప్రయత్నించమన్నాడు. వెనక చక్రాలు అక్కడికక్కడే తిరిగి రెండు గుంటలు తవ్వాయి. ఫోర్ లో, ఫస్టు గేరు. బావ కాలు యాక్సిలరేటర్ మీద లేదు. ముందు చక్రాలు మంచుని కొరుక్కుంటూ గుంటల్లోంచి బండిని లాగాయి. మేం పక్కన నడుస్తూనే ఉన్నాం, అది మాకన్నా నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా పైదాకా పోయింది. అద్దం దించి బావ పెట్టిన కేకకి చెట్ల మీది మంచు రాలింది.

పెద్దాయన నవ్వలేదు. బండి తిప్పించి, కింద సరుకు లారీలు నిలిపే ఖాళీ మైదానానికి తీసుకెళ్లాడు. అక్కడంతా గడ్డకట్టిన మంచు, కన్ను మెరిసేంత నున్నగా. ముప్పై మైళ్ల వేగం అందుకుని, ఆయన నిలబడ్డ డ్రమ్ము దగ్గర బ్రేకు తొక్కమన్నాడు. నాలుగు చక్రాలూ లాగుతుంటే వేగం క్షణాల్లో అందింది. బ్రేకు పడింది. చక్రాలు నాలుగూ ఆగిపోయాయి, బండి మాత్రం ఆగలేదు. డ్రమ్ము దాటి, మా ఎదుట నుంచి వెళ్లి, చాలా దూరాన వంకరగా నిలబడింది.

బావ దిగి నడిచి వచ్చేసరికి మొహంలో కేక పెట్టినప్పటి రంగు లేదు. బయల్దేరడానికీ ఎక్కడానికీ ఇంజను నాలుగు చక్రాల్ని వాడుకుంటుంది. ఆగడానికి టూవీల్ బండైనా, ఫోర్‌వీల్ బండైనా నాలుగు చక్రాలే వాడుకుంటుంది. అక్కడ సి-10కి, కె-10కి తేడా లేదు, ఆపేది టైరు ఒక్కటే. పైగా టూవీల్ బండి బయల్దేరేటప్పుడే జారి, రోడ్డు ఎలా ఉందో చెప్పేస్తుంది. ఇది చెప్పదు. ఇక్కడి కాలవల్లో చలికాలంలో పల్టీకొట్టి కనిపించే బండ్లలో ఫోర్‌వీలువే ఎక్కువ నేను లాగానన్నాడు పెద్దాయన.

షెడ్డుకి తిరిగొచ్చాక బావ లెక్క పుస్తకం తీశాడు. దాత బండి, బుష్‌లు, సీళ్లు, పైపులు, క్లచ్చు, వెల్డింగ్, పెద్దాయన కూలి. మొత్తం చూసి, ఈ డబ్బుకి నడుస్తున్న కె-10 ఒకటి వచ్చేది కదా అని ఆయన్నే అడిగాడు. వచ్చేదే, కాకపోతే దాని క్యాబిన్‌లో కూర్చుంటే నేల కనిపించేది, అన్నాడాయన. తుప్పెరగని ఒళ్లు నీ దగ్గర ముందే ఉంటేనే ఈ పనికి దిగాలి, లేకపోతే ఎవర్నైనా నేనే వద్దని పంపించేస్తాను, అని పొయ్యిలో కట్టె వేశాడు.

కొన్నాళ్లు తిప్పాక తీసుకొస్తే చాసీ బోల్టులన్నీ మళ్లీ ఒకసారి బిగిస్తానన్నాడు. అంతదాకా టైటిల్ పని చూసుకోమన్నాడు. బావ పుస్తకంలో ఖర్చుల కింద గీత కొట్టబోయి ఆగి, ఇంకో వరస రాశాడు: చలికాలం టైర్లు, నాలుగు.

"అక్కకేం చెప్తావ్ బావా?"

"నాలుగు చక్రాలూ తిరుగుతున్నాయని చెప్తా. టైర్ల సంగతి జీతం వచ్చాక."